కెర్నెలులో ఒక శాసనం

గుడి ప్రాకారం మీద ఎవరు కట్టించారో, ఎవరు జీర్ణోద్ధరణ చేశారో వరుసగా చెక్కి ఉంచడం మన పూర్వుల అలవాటు. లినక్సు కెర్నెలు మూలరచనలోనూ అటువంటి శాసనాలున్నాయి. కేప్రోబ్స్ అనే ఫైలును తెరిస్తే మొదటి వ్యాఖ్యలోనే ఒకటి కనిపిస్తుంది. 2002 అక్టోబరులో ఐబీఎం భారత శాఖకు చెందిన వంశీకృష్ణ ఎస్. దీనిని తొలిసారి రచించారు. 2004 జూలైలో సుపర్ణా భట్టాచార్య ఇందులో జంపర్ ప్రోబ్‌ను చేర్చారు. మరుసటి నెలలో ప్రసన్న పంచముఖి దీనిని సవరించారు. 2005 మే నెలలో హియెన్ న్గుయెన్, జిమ్ కెనిస్టన్, పంచముఖి కలిసి మరొక అంగాన్ని జోడించారు. వంశీకృష్ణ అన్నది మన వీధుల్లో రోజూ వినిపించే పేరే. కెర్నెలు అంతరంగాన్ని గమనించే విద్యకు పునాది వేసినవారి జాబితాలో ఆ పేరు మొదట ఉండటం చూసి నాకు సంతోషం కలిగింది. ఆ చరిత్రను తెలుగులో ఒకచోట రాసి పెట్టుకోవాలనిపించి ఈ టపా మొదలుపెట్టాను.

ముందుగా ఆ విద్య ఏమిటో చెప్పాలి. నడుస్తున్న కెర్నెలును ఆపకుండా, తిరిగి కంపైలు చేయకుండా, దానిలోని ఒక ప్రమేయం ఎప్పుడు పిలవబడుతున్నదో తెలుసుకోవడమే దాని పని. ఇంటెల్ ప్రాసెసరుపై కేప్రోబ్ మనం కోరిన ఆదేశం మొదటి బైటును తాత్కాలికంగా తీసి, అక్కడ ఒక ఆగు గుర్తును ఉంచుతుంది. ప్రాసెసరు అక్కడికి రాగానే నిలిచి, మనం రాసిన చిన్న ప్రమేయాన్ని నడిపి, అసలు ఆదేశాన్ని పూర్తిచేసి ముందుకు సాగుతుంది. ఐబీఎం 2000లో విడుదల చేసిన డీప్రోబ్స్ దీనికి పూర్వరూపం. అది కెర్నెలుకు బయటి అతుకుగానే ఉండిపోయింది. దాని సారమైన కేప్రోబ్స్ 2004 అక్టోబరులో వెలువడిన 2.6.9 సంచికతో ప్రధాన కెర్నెలులో చేరింది.

జంపర్ ప్రోబ్, అనగా జేప్రోబ్, ఒక ముచ్చటైన సౌకర్యం. ఏ ప్రమేయాన్ని గమనించదలచామో సరిగ్గా దాని ఆకారంలోనే మన ప్రమేయాన్నీ రాసుకుంటే, దాని ఆర్గుమెంట్లన్నీ పేర్లతో సహా మన చేతికి వచ్చేవి. అయితే అసలు ప్రమేయానికి హాని కలగకుండా స్టాకులో కొంత భాగాన్ని నకలు తీసి, పని ముగిశాక యథాతథంగా తిరిగి పెట్టవలసి వచ్చేది. ఈ ఏర్పాటు కంపైలరు అలవాట్ల మీద, ఒక్కొక్క ప్రాసెసరు పద్ధతి మీద ఆధారపడినది. కాలక్రమంలో అదే సేవను మరింత భద్రంగా అందించే మార్గాలు వచ్చాయి. 2018 జనవరిలో వచ్చిన 4.15లో జేప్రోబ్‌ను పనిచేయకుండా చేశారు. అదే సంవత్సరం అక్టోబరులో వచ్చిన 4.19 నాటికి దాని రచనను తొలగించారు.

ఈ రెంటి నడుమ జరిగిన పని గమనించదగ్గది. కెర్నెలులోనే టీసీపీ ప్రోబ్ అనే మాడ్యూలు ఉండేది. నెట్‌వర్కు రద్దీ నియంత్రణను పరిశీలించే పరిశోధకులు దానిని విరివిగా వాడేవారు. అది జేప్రోబ్ మీదే నిలిచి ఉండేది. జపానుకు చెందిన మసామి హిరమత్సు ముందుగా టీసీపీ రచనలోనే ఒక శాశ్వతమైన ట్రేసు ఘటనను నాటి, ఆ తరువాతనే పాత మాడ్యూలును తీసివేశారు. ఈ మార్పు 4.16లో వచ్చింది. కొత్త ఇల్లు కట్టి, సామాను చేర్చి, ఆ పిమ్మట పాతింటిని పడగొట్టడం వంటిదిది. కెర్నెలు తన లోపలి ప్రమేయాల విషయంలో ఎవరికీ మాట ఇవ్వదు. ఇవ్వకపోయినా ఇంత శ్రద్ధ చూపింది.

మాట ఇచ్చేచోటు వేరే ఉంది. అది సిస్టమ్ కాల్. 2012 జూలైలో 3.5తో యూజరు ప్రోగ్రాములను గమనించే యూప్రోబ్స్ వచ్చింది. దాని రచయితలు ఐబీఎంకు చెందిన శ్రీకర్ ద్రోణంరాజు, జిమ్ కెనిస్టన్. ద్రోణంరాజు అన్న ఇంటిపేరు విశాఖ ప్రాంతం వారికి కొత్త కాదు. 2014 డిసెంబరులో 3.18తో బీపీఎఫ్ అనే సిస్టమ్ కాల్ చేరింది. 2015లో 4.1 నుండి చిన్న ప్రోగ్రాములను కేప్రోబ్‌లకు తగిలించే వీలు కలిగింది. 64 బిట్ల ఇంటెల్ యంత్రంపై ఆ కాల్ సంఖ్య 321. ఈ సంఖ్య మారదు. సంఖ్యను నేరుగా పిలవడం కష్టం గనుక మధ్యలో లిబ్‌బీపీఎఫ్ అనే లైబ్రరీ ఏర్పడింది. పెర్ఫ్ వంటి పరికరాలు దానిని ఆశ్రయించాయి.

ఈ తేడాను మా ఊరి ఉదాహరణతో చెబుతాను. 2022 ఏప్రిల్ 4న అనకాపల్లి విశాఖపట్నం జిల్లా నుండి విడివడి తానే ఒక జిల్లా అయింది. చిరునామాలో జిల్లా పేరు మారింది, 531001 అనే పిన్ కోడు మారలేదు. సిస్టమ్ కాల్ సంఖ్య ఆ పిన్ కోడు వంటిది. లైబ్రరీలోని పేర్లు జిల్లా పేరు వంటివి.

అదే సంవత్సరం ఆగస్టులో లిబ్‌బీపీఎఫ్ 1.0 వెలువడింది. అప్పటిదాకా కాలం చెల్లినవని హెచ్చరిస్తూ వచ్చిన ప్రమేయాలను అందులో తీసివేశారు. మ్యాపును సృష్టించే పాత ప్రమేయం పోయి, మ్యాపు పేరును కూడా అడిగే కొత్తది వచ్చింది. ప్రోగ్రామును కెర్నెలులోకి ఎక్కించే 'బీపీఎఫ్ లోడ్ ప్రోగ్రామ్' స్థానంలో 'బీపీఎఫ్ ప్రోగ్ లోడ్' వచ్చింది. చిక్కేమిటంటే ఈ రెండవ పేరుతో అంతకుముందే వేరొక ప్రమేయం ఉండేది. అది ఫైలును తెరిచి ఎక్కించేది, నాలుగు ఆర్గుమెంట్లు తీసుకునేది. కొత్తది ఆరు తీసుకుంటుంది. సంధికాలంలో ఆర్గుమెంట్ల సంఖ్యను లెక్కించి తగినదానికి మళ్ళించే మాక్రోను పెట్టి నెట్టుకొచ్చారు.

ఇంతవరకు కంపైలరు పట్టుకోగలదు. పేరు లేకపోయినా, ఆర్గుమెంటు తగ్గినా అది కేకవేస్తుంది. అసలు ప్రమాదం తిరిగి వచ్చే విలువలో ఉంది. మునుపు కెర్నెలుకు దగ్గరి ప్రమేయాలు విఫలమైతే -1 ఇచ్చి, కారణాన్ని వేరేచోట ఉంచేవి. కొత్తవి కారణపు సంఖ్యనే రుణాత్మకంగా ఇస్తాయి. సున్న కంటే తక్కువా అని చూసే పరికరానికి ఇబ్బంది లేదు. -1తో సమానమా అని చూసేది వైఫల్యాన్ని విజయమనుకుంటుంది. పాయింటరును ఇచ్చే ప్రమేయాలు మునుపు లోపపు సంఖ్యను పాయింటరులోనే దాచి పంపేవి, ఇప్పుడు శూన్య పాయింటరును పంపుతాయి. పాత పద్ధతి పరీక్ష దానిని చెల్లుబాటైనదిగా పొరబడుతుంది. ఇవేవీ కంపైలరు కంట పడవు.

తక్కిన ప్రోగ్రాముల కంటె ట్రేసు పరికరంలో ఈ పొరపాటు ఎందుకు ఘోరమో ఆలోచించాను. ట్రేసు పరికరం ఒక సాక్షి. ప్రోబ్ తగులుకోకపోయినా తగులుకున్నదని నమ్మితే, దానికి ఒక్క ఘటన కూడా కనబడదు. అప్పుడది చెప్పేది 'నేను చూడలేదు' అని కాదు, 'ఏమీ జరగలేదు' అని. ఆ వాంగ్మూలాన్ని నమ్మి ఇంజనీరు తప్పును మరొకచోట వెతుకుతూ కూర్చుంటాడు.

పెర్ఫ్ పరికరం వారు ఈ మార్పును ఎదుర్కొన్న తీరు నాకు నచ్చింది. ఒక పంపిణీలో పాత లైబ్రరీ, మరొకదానిలో కొత్తది ఉంటుంది, రెంటితోనూ పనిచేయాలి. అందుకని తొలుత కొత్త పేర్లతోనే పిలుస్తూ, లైబ్రరీలో అవి లేనప్పుడు మాత్రమే పలికే బలహీన ప్రమేయాలను తమ రచనలో ఉంచి, వాటిలోంచి పాతవాటిని పిలిచారు. తరువాత కంపైలు చేసేముందే ఏ ప్రమేయం ఉన్నదో పరీక్షించే చిన్న ప్రోగ్రాములను చేర్చారు. వెతికి మార్చుటతో సరిపుచ్చకుండా, పాత మాటకు కొత్త మాట ఎక్కడెక్కడ భిన్నమో చూసి చేసిన పని ఇది.

జేప్రోబ్ రచన పోయింది. దాని గురించి ఆ శాసనంలో ఉన్న పంక్తిని మాత్రం ఎవరూ చెరపలేదు. జేప్రోబ్ ఎరుగని విద్యార్థికి ఆ పంక్తి అర్థం కాకపోవచ్చు, కాని ఎవరు ఏమి కట్టారో అది చెబుతూనే ఉంటుంది. పాత ప్రమేయాన్ని తీసేవారు దాని పేరుతోపాటు అది ఏమి వాగ్దానం చేసిందో కూడా మార్పుల చిట్టాలో ఒక వాక్యం రాసిపెడితే, తరువాత వచ్చే సాక్షులు అబద్ధమాడకుండా ఉంటారు.