పాడిసీమలో వారసత్వ స్థలాలు: దక్షిణ తారనాకి జిల్లా – ఒక పరిశీలన

ఒక ప్రాంత చరిత్రను అక్కడ నిలిచి ఉన్న కట్టడాల ఆధారంగా చదవడం పరిపాటి. అయితే నిలిచినవాటిని లెక్కించే జాబితా, కూల్చబడినవాటి చరిత్రను ఎంతవరకు చెప్పగలదన్నది ఆలోచించదగిన ప్రశ్న. న్యూజీలాండ్ ఉత్తర ద్వీపపు పడమటి తీరంలోని దక్షిణ తారనాకి జిల్లా ఇందుకు తగిన ఉదాహరణ.

నేడు ఈ జిల్లా పాడికి పేరుగన్న పచ్చికసీమ. ఈ పచ్చిక ప్రకృతి ఇచ్చినది కాదు. 1863 నాటి చట్టాన్ని ఆధారం చేసుకొని 1865లో వలస ప్రభుత్వం తారనాకిలోని మావోరీల భూములను జప్తు చేసింది. వలసదారులు అడవిని నరికి, కాల్చి, గడ్డి విత్తనాలు చల్లారు. కూలిన మానులపై మొలిచిన పుట్టగొడుగులను చైనా నుండి వచ్చిన వర్తకుడు చ్యూ చాంగ్ కొని స్వదేశానికి ఎగుమతి చేశాడు. చేతిలో డబ్బాడని రైతు కుటుంబాలకు అది ఆధారమైంది. 1882లో డునెడిన్ నౌక శీతలీకరించిన మాంసంతో ఇంగ్లండు చేరడంతో వెన్నకు కూడా దూరపు విపణి అందుబాటులోకి వచ్చింది. 1887లో చ్యూ చాంగ్ ఎల్తమ్‌లో జూబిలీ వెన్న కర్మాగారాన్ని నెలకొల్పాడు.

పాడి సంపదతో పెరిగిన హావెరా పట్టణంలో, అగ్నిప్రమాదాల అనుభవం దృష్ట్యా, 1914లో సుమారు 54 మీటర్ల ఎత్తున కాంక్రీటు నీటి గోపురం నిర్మితమైంది. అది నేడు జాతీయ వారసత్వ జాబితాలో మొదటి శ్రేణి కట్టడం.

ఇదే జిల్లాలోని పరిహాకా చరిత్ర వేరు. జప్తును తే విటి, తోహు కాకాహి నాయకత్వంలో ఆ గ్రామం అహింసాయుతంగా ఎదిరించింది. 1881 నవంబరు 5న సుమారు 1600 మంది సాయుధులు గ్రామంలో ప్రవేశించగా, పిల్లలు పాటలతో ఎదురేగారు. నాయకులను విచారణ లేకుండానే నిర్బంధించారు. ఇళ్లను కూల్చారు, పైర్లను నాశనం చేశారు. ప్రభుత్వం 2017 జూన్‌లో పరిహాకాకు వచ్చి క్షమాపణ చెప్పింది.

2014 నాటి వారసత్వ చట్టం కట్టడాలతోపాటు మావోరీల పవిత్రస్థలాలకు, పూర్వికుల స్థలాలకు కూడా జాబితాలో చోటు కల్పించింది. కట్టడం లేని చోట కూడా చరిత్ర ఉంటుందన్న అంగీకారం ఇందులో ఉంది. అయితే జాబితాలో చేరినంత మాత్రాన రక్షణ లభించదు. రక్షణ నియమాలు ప్రధానంగా జిల్లా ప్రణాళికలో ఉంటాయి. కాబట్టి ఏ స్థలం నిలవాలన్న నిర్ణయంలో స్థానిక పాలన పాత్ర కీలకం. హావెరా గోపురాన్నీ పరిహాకానూ ఒకే చరిత్రలోని రెండు పుటలుగా చదివినప్పుడే ఆ నిర్ణయం న్యాయసమ్మతమవుతుంది.