నల్లరేగడిలో సైకిల్ ఎందుకు ఆగింది?

జపాన్‌లో జూన్, జూలై నెలల్లో రోజుల తరబడి ముసురు పట్టేస్తుంది. దాన్ని వాళ్ళు 'త్సుయు' అంటారు. రాసే అక్షరాలని బట్టి చూస్తే 'ప్లమ్ పళ్ళ వాన' అని అర్థం, ఆ కాయలు పండే కాలం కాబట్టి. మనం వానకి మృగశిర, ఆరుద్ర అని నక్షత్రం పేరు పెడితే వాళ్ళు పండు పేరు పెట్టారన్నమాట. ఆ ముసురులో కూడా రెయిన్‌కోటు తగిలించుకుని సైకిల్ మీద ఊళ్ళు తిరిగేవాళ్ళున్నారు. అదే పని మన చిలకలూరిపేట, మార్టూరు, పర్చూరు వైపు పొలాల డొంకల్లో చెయ్యమనండి చూద్దాం! అర కిలోమీటరు సాగదు. తడుస్తామని కాదండీ. ఇక్కడ అసలు విలన్ వాన కాదు, మట్టి.

నల్లరేగడిలో ఉండే బంకమన్ను నీళ్ళు తాగి ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుని నెర్రెలిస్తుంది. పత్తికీ మిరపకీ ఇంత మంచి నేల అవడానికి కారణం కూడా అదే, తేమని పట్టి ఉంచుతుంది. కానీ అదే మన్ను టైరుకి అంటుకుని, మడ్‌గార్డుకీ చక్రానికీ మధ్య ముద్దగా బిగుసుకుపోతుంది. ఇంక చక్రం తిరగదు. పుల్లతో గోకడం, నాలుగడుగులు తోయడం, మళ్ళీ గోకడం... చివరికి సైకిల్ మనల్ని మోయడం మానేసి మనమే సైకిల్‌ని భుజాన వేసుకోవాలి :)

ఇప్పుడు కొంచెం చరిత్రలోకి వెళ్దాం. థామస్ స్టీవెన్స్ అనే ఆయన 1884లో శాన్‌ఫ్రాన్సిస్కోలో బయల్దేరి, ముందు పెద్ద చక్రం వెనక చిన్న చక్రం ఉండే పాతకాలం సైకిల్ మీద ప్రపంచం చుట్టాడు. 1886 వానాకాలంలో లాహోర్ నుంచి కలకత్తా దాకా తొక్కాడు. తర్వాత చైనా మీదుగా జపాన్ వెళ్ళి, అదే ఏడాది డిసెంబరులో యోకొహామాలో యాత్ర ముగించాడు. గాలి టైర్లు కూడా లేని ఆ బండి మన దేశపు వానల్లో ఎలా నడిచింది? ఆయన ఎంచుకున్నది గ్రాండ్ ట్రంక్ రోడ్డు. కంకర పరిచి గట్టి చేసిన దారి అది. డన్‌లప్ గాలి టైరు వచ్చింది ఆ తర్వాత, 1888లో. అంటే టైరు కన్నా ముందు రోడ్డు ముఖ్యమని అప్పుడే తేలిపోయింది. మా భాషలో చెప్పాలంటే సైకిల్ ఒక అప్లికేషన్, రోడ్డు ఆపరేటింగ్ సిస్టమ్. అది లేకుండా ఇది రన్ అవదు.

మన వైపు ఆ ఆపరేటింగ్ సిస్టమ్ ముక్కలు ముక్కలుగా వచ్చింది. మద్రాసు నుంచి ఒంగోలు, గుంటూరు మీదుగా కలకత్తా వెళ్ళే ట్రంక్ రోడ్డు ఒకటుంది. కాలువలు వచ్చాక కొమ్మమూరు కాలువలో పడవెక్కితే పెదగంజాం దగ్గర బకింగ్‌హామ్ కాలువలోకి, అక్కణ్ణుంచి మద్రాసు దాకా పోవడానికి వీలుండేది. కృష్ణ మీద 1893లో రైలు వంతెన పడింది, 1957లో ప్రకాశం బ్యారేజీ మీదుగా రోడ్డు వచ్చింది. అన్నీ ఊరికీ ఊరికీ మధ్య పెద్ద దారులే. ట్రంక్ రోడ్డు దిగి రెండు మైళ్ళు లోపలికి వెళ్తే మళ్ళీ అదే బురద.

ఈలోగా సైకిల్ చవకైంది. మద్రాసు అంబత్తూరులో టీఐ సైకిల్స్ 1949లో, సోనెపట్‌లో అట్లాస్ 1951లో, లూథియానాలో హీరో 1956లో మొదలయ్యాయి. గంటల లెక్కన అద్దెకిచ్చే షాపులు, డైనమో లైట్లు, లైసెన్సు బిళ్ళలు... అదో ప్రపంచం. పుచ్చలపల్లి సుందరయ్య గారు 1952లో రాజ్యసభకి వెళ్ళాక పార్లమెంటుకి సైకిల్ మీదే వెళ్ళేవారని ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటాం. చెప్పుకోవాల్సిందే. కానీ ఢిల్లీలో తారు రోడ్డుంది కదా! ఆ రోజుల్లోనే రేగడి పల్లెల్లో హైస్కూలుకి వెళ్ళే పిల్లల సంగతేంటి? వేసవిలో అరగంట దారి, వాన పడితే లేనట్టే. చేతిలో సైకిల్ ఉండి కూడా బడి మానాల్సిందే. ఆడపిల్లలకైతే ఆ నాలుగు నెలల గండమే చదువు ఆగిపోవడానికి ఓ సాకు.

2000 డిసెంబరు 25న ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన మొదలైంది. దారి లేని ఊళ్ళకి ఏ కాలంలోనైనా పనికొచ్చే రోడ్డు ఉండాలన్నది దాని లక్ష్యం. మంచిదే, కానీ అది వచ్చేనాటికి మోటారు సైకిల్ కూడా వచ్చేసింది. సైకిల్‌కి సరైన దారి దొరికేసరికి సైకిల్ కాలమే దాటిపోయింది. అట్లాస్ తన చివరి ఫ్యాక్టరీని 2020 జూన్ 3న ఆపేసింది. విచిత్రమేంటంటే ఆ రోజు ప్రపంచ సైకిల్ దినోత్సవం!

మనం చరిత్ర అంటే కొండవీటి రెడ్డిరాజుల దగ్గర్నుంచి నాగార్జున సాగర్ దాకా రాసుకుంటాం. కంకర ఏ ఏడు పడింది, తూము ఏ ఏడు కట్టారు అన్నది మాత్రం రాయం. ఒక ఊళ్ళో పదో తరగతి దాటినవాళ్ళ లెక్క ఆ తూము కట్టిన ఏడాదికి ముందు ఒకలా, తర్వాత ఒకలా ఉంటుందని నా నమ్మకం. ఇది పుస్తకాల్లో దొరకదు. మీ ఇంట్లో డెబ్భై దాటిన వాళ్ళుంటే ఈసారి పలకరించినప్పుడు ఒక్కటే అడగండి: "వానాకాలంలో బడికి ఎలా వెళ్ళేవాళ్ళు?" చెప్పింది చెప్పినట్టు రాసి పెట్టండి. వాళ్ళు ఉన్నప్పుడే.