పెప్టైడౌషధములును పాలిమరు రేణువులును: రెండణువుల వృత్తాంతము

పెప్టైడౌషధములను నోటిద్వారా ఇచ్చినచో జీర్ణకోశమందలి ఎంజైములు వానిని తుత్తునియలు గావించును. సూదిద్వారా ఇచ్చినను కొలది గంటలలోనే వానిలో పెక్కు రక్తమునుండి తొలగిపోవును గనుక, ప్రోస్టేటు క్యాన్సరు రోగి ల్యూప్రోలైడు కొరకు దినదినమును సూది పొడిపించుకొనవలసియుండెడిది. 1989లో అమెరికాలో అనుమతి పొందిన ల్యూప్రాన్ డిపో అను ల్యూప్రోలైడు రూపము ఆ యాతనను నెలకొక సూదికి తగ్గించినది. లాక్టిక్, గ్లైకాలిక్ ఆమ్లములు 3:1 నిష్పత్తిలో కూర్చబడిన పాలిమరు రేణువులయందు మందును నిక్షేపించి, ఆ పొడిని ద్రవముతో కలిపి, పాలవలె తెల్లనైన మిశ్రమమును కండరములోనికి ఎక్కింతురు. పిమ్మట నీటిచే ఎస్టరు బంధములు క్రమముగా తెగి, పాలిమరు తుదకు ఆ రెండామ్లములుగనే మారి దేహములో లీనమగును.

ఇది విన్నవారికి పాలిమరు కేవల మొక సంచి యనియు, సంచి చిరిగినకొలది మందు రాలుననియు తోచుట సహజము. ఆ తలంపు అర్ధసత్యము మాత్రమే.

ల్యూప్రోలైడు తొమ్మిది ఎమైనో ఆమ్లముల గొలుసు. అందలి ఆర్జినైను ధనావేశము వహించియుండును. పాలిమరు గొలుసు కొనయందలి కార్బాక్సిలు ప్రోటానును కోల్పోయి ఋణావేశము దాల్చును. ఈ పరస్పరాకర్షణముచేత, నీరు–నూనె–నీరు అను జంట ఎమల్షను పద్ధతిలో రేణువులు రూపొందునపుడు, నీట సులువుగా కరగు ఈ మందు వెలుపలి నీటిలోనికి జారిపోక లోపలనే నిలుచును.

ఆ ఆకర్షణమే ఎనిమిది ఎమైనో ఆమ్లముల ఆక్ట్రియోటైడు అను మఱియొక పెప్టైడౌషధమునకు ఆపదయైనది. దాని మొదటి కొనయందును, లైసీను పార్శ్వశాఖయందును స్వేచ్ఛగానున్న ఎమైనులు, చేరువనున్న ఎస్టరు బంధముపై దాడిచేయగా, పాలిమరు తునక మందునకే అతుకుకొనును. దీనిని ఎసైలేషను అందురు. ద్రవ్యరాశి వర్ణపటములో మందు శిఖరము ప్రక్కనే 58 డాల్టనుల ఎడమున వేఱొక శిఖరము లేచినచో అది గ్లైకాలిక్ శేషము, 72 ఎడమున లేచినచో అది లాక్టిక్ శేషము. స్థలావరోధము తక్కువ గావున మొదటిదే ఎక్కువగా కానవచ్చును.

మఱి ల్యూప్రోలైడు ఎట్లు తప్పించుకొన్నది? దాని తొలి శేషము పైరోగ్లూటమిక్ ఆమ్లము. అందలి ఎమైను తన పార్శ్వశాఖనే పట్టుకొని వలయమై ముడివడియున్నది. ఆర్జినైను ఆవేశమును వదలదు గనుక దాడికి దిగజాలదు. ఒక అణువునకు రక్షయైనది మఱియొకదానికి చేటగుటకు మూలము పాలిమరులో గాక పెప్టైడు నిర్మాణములో నున్నదని నా యభిప్రాయము.

కాల్షియము, మాంగనీసు మున్నగు ద్విసంయోజక అయానులను రేణువులలో చేర్చినచో అవి కార్బాక్సిలు స్థానముల నాక్రమించి పెప్టైడును దూరముంచును, ఎసైలేషను తగ్గును. అయితే మందును పట్టియుంచిన చోటులే అవి గావున, తొలిదినముననే మందు అధికముగా స్రవించుననెడి భయము వెన్నంటియే యుండును.