ఫిర్యాదు ఎవరి పేరు మీద?

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ 2016లో వేర్వేరు జిల్లాలయ్యాయి. అంతకుముందు అంతా మహబూబ్‌నగరే. పక్కనే కృష్ణ పారుతున్నా, ఇక్కడి జనం దూరదేశాల ఆనకట్టలకు మట్టి మోశారు. అందరికీ ఒకటే పేరు: పాలమూరు లేబర్.

గుంపు మేస్త్రీ ఊళ్లోనే అడ్వాన్సు ఇస్తాడు. అది పెళ్లికో, పాత అప్పుకో పోతుంది. ఆ తర్వాత భాష తెలియని చోట పని. అక్కడ కూలి ఎగ్గొట్టినా, కొట్టినా, ఆడవాళ్ల మీద చెయ్యేసినా స్టేషన్‌కు పోయేదెట్లా? అప్పు తీరలేదు. తిండి కాంట్రాక్టరు చేతిలో ఉంది. మేస్త్రీ మన ఊరివాడే, తిరిగొచ్చాక రోజూ ఎదురుపడతాడు.

ఈ భయం చట్టాలకు తెలియదేమో అనుకునేవాణ్ణి. తీరా చదివితే, తెలుసు. 1976 నాటి వెట్టిచాకిరీ రద్దు చట్టం ప్రకారం, ఇది వెట్టి అప్పు అని కూలి చెబితే చాలు. కాదని నిరూపించుకోవాల్సింది అప్పిచ్చినవాడే. బాధితుడి మాటకు అంత విలువిచ్చిన చట్టాలు మనకు తక్కువ.

మూడేళ్లకే కథ మారింది. 1979 అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం దారి ఖర్చులు, వలస భత్యం ఇమ్మంది. కానీ ఇన్‌స్పెక్టరో, అధీకృత అధికారో ఫిర్యాదు చేస్తే, లేదా రాతపూర్వకంగా అనుమతిస్తే తప్ప కోర్టు ఆ నేరాన్ని విచారణకు తీసుకోకూడదని ఆ చట్టంలో ఉండేది. దెబ్బ తిన్నవాడు తనంతట తాను కోర్టుకు పోలేకపోయేవాడన్నమాట.

1982లో ఏషియాడ్ కూలీల కేసులో సుప్రీంకోర్టు ఇంకో మెట్టెక్కింది. కనీస వేతనం కన్నా తక్కువిచ్చి చేయించుకునే పని కూడా 23వ అధికరణం నిషేధించిన బలవంతపు చాకిరీయే అంది. ఆ కేసును కోర్టు దాకా తెచ్చింది మాత్రం కూలీలు కాదు, ఒక హక్కుల సంఘం.

2024 జులై 1 నుంచి అమల్లోకొచ్చిన కొత్త నేర ప్రక్రియా చట్టంలో జీరో ఎఫ్‌ఐఆర్ ఉంది. నేరం ఎక్కడ జరిగినా గద్వాల స్టేషన్‌లోనే ఫిర్యాదు రాయించొచ్చు. ఇది మంచి మార్పే. అయితే కేసు నడిచేది నేరం జరిగిన చోట. వాయిదా వాయిదాకూ కూలి పోగొట్టుకుని అక్కడికి ఎవరు పోతారు?

పునరావాసానికీ ఇదే మెలిక. 2016 కేంద్ర పథకం వెట్టి నుంచి బయటపడ్డవాళ్లకు తక్షణ సాయంగా 20,000 రూపాయల దాకా ఇమ్మంది. లక్ష నుంచి మూడు లక్షల దాకా ఉన్న అసలు మొత్తాన్ని మాత్రం నిందితుడికి శిక్ష పడటంతో ముడిపెట్టింది. అన్నేళ్లు ఆ కుటుంబం ఏం తిని బతకాలి? మళ్లీ అదే మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకోక తప్పదు. అట్లా తీసుకున్న రోజే సాక్ష్యం చచ్చిపోతుంది.

కాబట్టి రక్షణంటే గుమ్మం ముందు కానిస్టేబుల్‌ను నిలబెట్టడం ఒక్కటే కాదు. కేసు తేలేదాకా తిండి, వాయిదాలకు బస్సు చార్జీలు, ఆ అడ్వాన్సు చెల్లదనే కాగితం కూడా. ఇవి లేకుండా కూలివాణ్ణి ‘ధైర్యంగా చెప్పు’ అనడం అన్యాయం.