పంటి మీద నింద, గొంతు మీద ఉపేక్ష

మత్తు సూదుల అలవాటు లేనివారికి గుండె కవాటంలో ఇన్ఫెక్షన్ వస్తే, అది కవాటాలు అరిగిన ముసలితనపు జబ్బని పడమటి పుస్తకాలు చెబుతాయి. గోదావరి ఒడ్డున ఉన్న లక్సెట్టిపేట వంటి ఊళ్లకు ఆ మాట అతకదు. చండీగఢ్ పీజీఐ వైద్యులు 1992లో ప్రచురించిన పరిశీలనలో రోగుల సగటు వయసు 25 ఏళ్లే. చిన్ననాటి కీళ్ల జ్వరం పాడుచేసిన కవాటాలే అందులో ఎక్కువ.

1885లో లండన్‌లో వైద్యుడు విలియం ఆస్లర్ ఈ జబ్బు మీద ఉపన్యాసాలిచ్చాడు. 1940లలో పెన్సిలిన్ వచ్చేదాకా సోకినవారు బతకడం అరుదు.

ఈ జబ్బు ఎక్కడి నుంచి వస్తుందన్న వివాదమంతా పంటి దగ్గరే. పన్ను పీకితే బ్యాక్టీరియా రక్తంలో చేరుతుందని 1935లో ఓకెల్, ఇలియట్ చూపారు. 1955లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ పన్ను పీకే ముందు యాంటీబయాటిక్ ఇమ్మంది. పళ్లు తోముకున్నా, అన్నం నమిలినా అవే బ్యాక్టీరియా రక్తంలో చేరతాయని ఒప్పుకొని, 2007లో ఆ జాగ్రత్తను కృత్రిమ కవాటాలున్నవారి వంటి కొద్దిమందికే పరిమితం చేసింది. పంటికి ఏ పాపమూ తెలియదని నేననను. నోటి స్ట్రెప్టోకాకస్‌లు కవాటాల మీద దొరుకుతూనే ఉన్నాయి. కానీ అవి ఎక్కువగా పట్టుకునేది ముందే దెబ్బతిన్న కవాటాన్ని. దాన్ని దెబ్బతీసింది మందు వేయని గొంతునొప్పి, దాని వెనకే వచ్చిన కీళ్ల జ్వరం. కీళ్ల జ్వరం తిరగబెట్టకుండా మూడు వారాలకోసారి వేసే 12 లక్షల యూనిట్ల బెంజథిన్ పెన్సిలిన్ 1950ల నుంచీ మన చేతిలో ఉంది.

ఈ జబ్బు ముదరడానికి ఇంకో కారణం చరిత్రకారుల కంటికి ఆననిది. వారాల తరబడి విడవని జ్వరానికి ఊళ్లో వైద్యం చేసే ఆర్‌ఎంపీ టైఫాయిడ్ అని యాంటీబయాటిక్ సూది వేసి గ్లూకోజు ఎక్కిస్తాడు. జ్వరం తగ్గి మళ్లీ వస్తుంది. పెద్దాసుపత్రిలో రక్తం కల్చర్‌కు పంపితే, ముందే వేసిన ఆ మందు వల్ల ఏమీ మొలవదు. నాలుగు నుంచి ఆరు వారాల మందును అంచనా మీదే ఎంచుకోవాలి. అయినా అర్ధరాత్రి ఇంటికొచ్చే ఆ ఆర్‌ఎంపీ ఒక్కడినే తప్పుపట్టడం న్యాయం కాదు.

2007లో మొదలైన ఆరోగ్యశ్రీ కవాటం మార్చే ఆపరేషన్‌ను పేదలకు అందించింది. గొప్ప మేలే. అయితే కృత్రిమ కవాటానికి మళ్లీ ఇన్ఫెక్షన్ ముప్పు మరీ ఎక్కువ. ఆపరేషన్‌కు దొరికినంత శ్రద్ధ చవకైన ఆ బెంజథిన్ పెన్సిలిన్ సూదికి దొరకలేదు. 2022లో లక్సెట్టిపేటకు దగ్గరలోని మంచిర్యాలకు వైద్య కళాశాల వచ్చింది. బడిపిల్లల గుండెచప్పుడు వినడం, మొదటి యాంటీబయాటిక్‌కు ముందే వేర్వేరు చోట్ల నుంచి మూడుసార్లు రక్తం తీయడం అక్కడ నేర్పకపోతే లక్సెట్టిపేట రోగికి దూరం తగ్గుతుందే తప్ప జబ్బు తగ్గదు.