కోనసముద్రం ఉక్కుకు మట్టి కవచం

నిజామాబాద్ జిల్లా కమ్మర్‌పల్లి మండలంలోని మా కోనసముద్రం ఒకప్పుడు ఇరాన్ దాకా ఉక్కు పంపిన ఊరు. డమాస్కస్ కత్తులుగా పేరుపడ్డ ఆయుధాలు ఇలాంటి ఉక్కుముద్దలతోనే తయారయ్యేవి. భూగర్భ శాస్త్రవేత్త హెన్రీ వాయ్సీ మా ఊరి కొలుముల పనిని చూసి రాసిన వివరణ, ఆయన చనిపోయాక 1832లో కలకత్తా ఆసియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. ఇస్ఫహాన్ వర్తకుడు హాజీ హుసేన్ ప్రస్తావన అందులో ఉంది. పారశీక వర్తకులు కొలిమి దగ్గరే ఉండి పాళ్లు తామే తూచుకునేవారట.

రెండు రకాల ఇనుమును మూడుకు రెండు పాళ్లలో కలిపి, మూసలో వేసి, మూత బిగించి రోజంతా కాల్చేవారు. చల్లారాక చేతికొచ్చిన ముద్ద సుత్తికి లొంగనంత గట్టిది. దానికి మట్టి పూసి 12 నుంచి 16 గంటలు మళ్లీ కాల్చి, చల్లార్చేవారు. మెత్తబడేదాకా మూడు నాలుగు మార్లు ఇదే పని.

ఆ మట్టిపూత విలువ లోహశాస్త్రం చదివితే తెలుస్తుంది. ఎర్రగా కాలిన ఉక్కుకు గాలి తగిలితే పైన ఆక్సైడ్ పొర కడుతుంది. 570 డిగ్రీల సెల్సియస్ దాటితే ఆ పొర మూడు వరసలుగా ఏర్పడుతుంది: లోపల మందంగా వుస్టైట్, దాని మీద మాగ్నటైట్, పైన పలచగా హెమటైట్. లోపలి ఇనుము ఈ పొరను దాటుకొచ్చి ఆక్సిజన్‌ను కలవాలి కాబట్టి, పొర మందమయ్యేకొద్దీ పెరుగుదల నెమ్మదిస్తుంది. మందం రెట్టింపు కావాలంటే నాలుగింతల సమయం పడుతుంది. అయితే చల్లారేటప్పుడు ఉక్కూ పొరా ఒకేలా కుంచించుకోవు. పొర పగిలి పెచ్చులూడుతుంది. మళ్లీ కాల్చగానే కొత్త లోహం గాలికి దొరుకుతుంది. పదేపదే కాల్చి చల్లార్చే పనిలో నష్టం అంతకంతకూ పెరిగేది ఇందుకే. పైగా ఉక్కుకు బలమిచ్చే కార్బన్ కూడా పైపొరలోంచి వాయువుగా పోతుంది. మట్టిపూత గాలిని అడ్డుకుని ఈ రెండు నష్టాలనూ తగ్గిస్తుంది.

వేడి పెట్టడమే కాదు, వేడిలో ఉక్కును కాపాడుకోవడమూ మా కమ్మరుల విద్యే. ఆ విద్యకు సాక్ష్యాలు మూసపెంకులు, చిట్టెం కుప్పలు. పొలం చదునుకో, దారి పూడ్చడానికో వాటిని తరలించకూడదు. వాటిని ఊళ్లోనే భద్రపరిచి, బడి పిల్లలకు చూపించి, ఈ పనితనాన్ని వివరించాలి.