ఫోకస్ లైటు డబ్బా వెనక ఉన్న కథ

ఈ మధ్య మన ఊళ్లలో ఒక పని బాగా నడుస్తోంది. పాత హాలోజన్ ఫోకస్ లైటు డబ్బా ఎక్కడో ఏరుకొచ్చి, అందులో 50 వాట్ల ఎల్‌ఈడీ ప్లేటు బిగించి, మోటారు షెడ్డుకో కళ్లానికో తగిలించుకుంటున్నారు. పాముల భయం ఉన్నవాళ్లం, రాత్రిపూట వెలుతురు కావాలి కదా. కానీ రెండు నెలలకే ప్లేటు మీద నల్ల చుక్కలొచ్చి ఆరిపోతే, చైనా సరుకని తిడతారు. నన్నడిగితే చాలాసార్లు తప్పు డబ్బాది. దీపం డబ్బాకు రెండొందల ఏళ్ల పైన చరిత్ర ఉంది, కాస్త ఓపిగ్గా చదవండి.

లాంతరు చిమ్నీ గాలికి అడ్డం కోసమే అనుకుంటాం. అదొక్కటే కాదు. 1780ల్లో జెనీవాకు చెందిన ఆర్గాండ్ అనే ఆయన దీపం చుట్టూ గొట్టంలా చిమ్నీ పెట్టాడు. వేడిగాలి పైకి పోతూ కింది నుంచి కొత్త గాలిని లాక్కుంటుంది, మంట తెల్లగా మండుతుంది. వేడిగాలి పైకి పోతుందన్న ఈ ముక్క గుర్తుంచుకోండి, చివర్లో మళ్లీ పనికొస్తుంది.

అసలు కథ ఇంగ్లాండు బొగ్గు గనుల్లోది. 1812లో ఫెల్లింగ్ అనే గనిలో మీథేన్ గ్యాస్ అంటుకుని 92 మంది చచ్చిపోయారు. వాళ్లలో చిన్నపిల్లలూ ఉన్నారు. దీపం లేకుండా గనిలో పని జరగదు, దీపం పట్టుకెళ్తే గ్యాస్ పేలుతుంది. అప్పుడు హంఫ్రీ డేవీ అనే శాస్త్రవేత్త 1815లో మంట చుట్టూ సన్నని లోహపు తీగ జల్లెడ చుట్టాడు. గాలి, గ్యాస్ రెండూ జల్లెడలోంచి లోపలికి పోతాయి. లోపల గ్యాస్ అంటుకున్నా ఆ మంట బయటికి రాదు. ఎందుకంటారా? మంటలోని వేడిని తీగ లాగేసి చుట్టూ పంచేస్తుంది. బయట గ్యాస్ అంటుకునేంత వేడి మిగలదు. అంటే డబ్బా కాపలా కాయడమే కాదు, వేడిని మోసుకుపోయే పని కూడా చేసిందన్నమాట. దీనికి డేవీ పేటెంటు కూడా తీసుకోలేదు, ఆ ముక్క నాకు బాగా నచ్చింది. అయితే జల్లెడ తుప్పు పట్టినా, ఒక్క చోట చిరిగినా మళ్లీ ప్రమాదమే. అలా కూడా ప్రాణాలు పోయాయి.

మన పెళ్లిళ్లలో, నాటకాల్లో వెలిగిన పెట్రోమాక్స్ సంగతి మీకు తెలిసిందే. దాని మేంటిల్‌కు కావాల్సిన థోరియం ట్రావెన్‌కోర్ సముద్రపు ఇసుక నుంచి కూడా వెళ్లేది.

తర్వాత 1950ల చివర్లో అమెరికాలో హాలోజన్ బల్బు వచ్చింది. దీని గుణం వేరు. దాని గాజు 250 డిగ్రీలకు పైన కాగితేనే లోపలి తీగ సరిగ్గా పనిచేస్తుంది. దానికి వేడి కావాలి. ఎక్కువ వేడి వెలుతురుతో పాటే ముందు అద్దంలోంచి బయటికి కొడుతుంది, ఆ లైటు ముందు నిలబడితే మొహం కాలేది అందుకే. కాబట్టి ఆ డబ్బాలో మెరిసే చిప్పలాంటి రిఫ్లెక్టరు పెట్టారు. వెనక రెండు మూడు రెక్కలు కనిపించినా, లోపల ప్లేటు ఆనడానికి చదునైన చోటు ఉండదు.

ఎల్‌ఈడీ సరిగ్గా దీనికి తిరగేసిన సరుకు. నీలం ఎల్‌ఈడీ కనిపెట్టిన ముగ్గురు జపాన్ వాళ్లకు 2014లో నోబెల్ ఇచ్చారు. ఆ నీలం మీద పసుపు పూత పూస్తేనే మన తెల్ల వెలుతురు. దీని వేడి ముందుకు రాదు, వెనక చిప్పులోనే పుడుతుంది, అక్కడే దాన్ని కాల్చేస్తుంది. డేవీ జల్లెడలా వేడిని లాగే డబ్బా కావాలి.

అందుకే కొనేటప్పుడు మందపాటి అల్యూమినియం బాడీ చూడండి. లోపల వీపు అద్దంలా చదునుగా ఉండాలి, బయట దువ్వెన పళ్లలా రెక్కలుండాలి. ప్లేటుకు, బాడీకి మధ్య థర్మల్ పేస్టు పలచగా పూయండి, వెన్న రాసినట్టు మందంగా వద్దు. రెక్కలు నిలువుగా ఉండేలా బిగించండి, వేడిగాలి పైకి పోవాలి, ఆర్గాండ్ చిమ్నీ లెక్కే. వడ్ల దుమ్ము రెక్కల్లో పేరుకుంటే దులపండి. ప్లాస్టిక్ డబ్బా, రేకు డబ్బా ఈ పనికి రావు.

అరగంట వెలిగించి, కరెంటు తీసేసి వెనక చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే వేడి బయటికొస్తున్నట్టే, మంచిది. చెయ్యి ఆనించలేకపోతే బాడీ చాలదు, 30 వాట్ల ప్లేటుకు దిగండి. ప్లేటు మరిగిపోతున్నా బాడీ చల్లగా ఉంటే మధ్యలో అతుకు కుదరలేదని.

ఇంకోటి, ఇది ప్రాణాలకు సంబంధించింది. డ్రైవరు లేకుండా నేరుగా 220 వోల్టులకు వేసే ప్లేట్లలో, కరెంటుకీ అల్యూమినియానికీ మధ్య ఉండేది పలచని పొర మాత్రమే. అది పోతే బాడీ అంతా షాకే. తడి చేతుల్తో, తడి నేల మీద తిరిగేవాళ్లం మనం. బాడీకి ఎర్తు వైరు తప్పకుండా వేయించండి, లైనుకు ఆర్‌సీసీబీ పెట్టించండి. పగలు కాగిన డబ్బా రాత్రి చల్లబడేటప్పుడు సందులోంచి తేమను పీల్చుకుంటుంది, రబ్బరు వాషరు ఎండిపోయి ఉంటే మార్చండి.

ఇంట్లో పాత హాలోజన్ డబ్బా ఉంటే పారేయక్కర్లేదు. దాని స్టాండు, బోల్టులు కొత్త బాడీకి సరిపోతే వాడుకోవచ్చు.